లగ్గం ఫోటోలు జిప్ చేస్తే సైజు ఎందుకు తగ్గట్లేదు? డిజైనర్‌కు ఎట్ల పంపాలి, బ్యాకప్ ఎట్ల పెట్టాలి?

అన్న అడిగింది క్లుప్తంగా ఇది. దేవరకొండలో చిన్న ఫోటో స్టూడియో. ఒక లగ్గానికి రెండు కెమెరాలతో 3,800 ఫోటోలు వచ్చాయి, అన్నీ జెపెగ్‌లే, మొత్తం 46 జీబీ. "జిప్ చేస్తే గంట సేపు తిరిగి తిరిగి 45.6 జీబీ అయింది. ఏ సాఫ్ట్‌వేర్ వాడితే 10 జీబీకి వస్తది? హైదరాబాద్‌ల ఆల్బమ్ డిజైనర్‌కు పంపాలె, ఒకటి బ్యాకప్ పెట్టుకోవాలె. రాత్రంతా అప్‌లోడ్ పెడితే పొద్దుగాల చూసేసరికి ఫెయిల్ అని ఉంది."

ముందు జవాబు చెప్తాను, కారణాలు తర్వాత. క్వాలిటీ పోకుండా ఆ 46 జీబీని 10 జీబీ చేసే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు. మూటలు కట్టే సాఫ్ట్‌వేర్లలో విన్‌రార్ కొన్నా, సెవెన్‌జిప్‌లో అన్నిటికంటే గట్టి కుదింపు "అల్ట్రా" పెట్టినా అంతే. జెపెగ్ ఫోటోలకు జిప్ అనేది మూట కట్టే పని మాత్రమే, పిండి చిన్నగా చేసే పని కాదు. కాబట్టి జిప్‌లో కంప్రెషన్ పూర్తిగా తీసేసి "స్టోర్" పెట్టండి, ఒక్క పెద్ద మూట బదులు రెండు జీబీలకు లోపే విడివిడి మూటలు కట్టండి. డిజైనర్‌కు మొత్తం 3,800 పంపకండి, సెలక్షన్ అయినవి మాత్రమే పంపండి. బ్యాకప్‌కైతే అసలు జిప్ చేయకండి, ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టే రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి.

ఇక ఎందుకో చూద్దాం.

మిర్యాలగూడ మిల్లులో ఒకసారి పట్టిన బియ్యాన్ని మళ్ళీ మిల్లుకు వేస్తే ఏం వస్తుంది? పొట్టు ఎప్పుడో పోయింది, ఇక రాలేది కాస్త తవుడే. జెపెగ్ సంగతీ అంతే. కెమెరా ఫోటోను కార్డు మీద రాసేటప్పుడే పిండేస్తుంది. బొమ్మను 8 పిక్సెళ్ళకు 8 పిక్సెళ్ళ గడులుగా కోసి, కంటికి పెద్దగా తెలియని సన్న వివరాలను తీసేసి, మిగిలిన అంకెలను హఫ్‌మన్ కోడింగ్‌తో, అంటే ఎక్కువసార్లు వచ్చేవాటికి పొట్టి గుర్తులు ఇచ్చే పద్ధతితో, కుదించి పెడుతుంది. మీ కెమెరా 24 మెగాపిక్సెల్ అనుకుందాం. ఆ ఫోటో ఏ కుదింపూ లేకుండా పిక్సెల్‌కు మూడు బైట్ల లెక్కన 72 ఎంబీ ఉండాలి. మీ ఫోటో సగటున 12 ఎంబీ ఉంది. అంటే ఆరో వంతుకు ఎప్పుడో వచ్చేసింది.

జిప్ చేసే పని వేరు. అందులో ఉండే డిఫ్లేట్ పద్ధతి ఫైల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే బైట్ల వరుసలు వెతుకుతుంది. ఒకే వరుస రెండోసారి కనిపిస్తే దాన్ని మళ్ళీ రాయకుండా "ఇంత వెనక్కి పోయి ఇన్ని బైట్లు తెచ్చుకో" అని గుర్తు పెడుతుంది. టెక్స్ట్ ఫైల్లో అట్లాంటివి మస్తు దొరుకుతాయి. ఒకసారి హఫ్‌మన్ కోడింగ్ అయిపోయిన జెపెగ్‌లో దాదాపు దొరకవు, దాని లోపలి బైట్లు లాటరీ అంకెల్లా కనిపిస్తాయి. మీకు తగ్గిన ఆ 0.4 జీబీ కూడా ఎక్కువగా ఫోటో ముందు భాగంలో ఉండే కెమెరా వివరాల నుంచి వచ్చిందే. గంట సేపు ప్రాసెసర్ వేడెక్కింది ఆ తవుడు కోసమే.

జెపెగ్‌ను ఒక్క బిట్టు కూడా పోకుండా ఇంకా తగ్గించే పద్ధతి అసలే లేదా అంటే, ఉంది. జెపెగ్ ఎక్స్‌ఎల్ అనే కొత్త ఫార్మాట్‌లోకి మారిస్తే సుమారు 20 శాతం తగ్గుతుంది, కావాలంటే మళ్ళీ అదే పాత జెపెగ్‌గా తిరిగి తెచ్చుకోవచ్చు. మీ లెక్కన 46 పోయి 37 అవుతుంది. కానీ అవతలివాళ్ళ దగ్గర దాన్ని తెరిచే సరంజామా ఉండాలి. తొమ్మిది జీబీల కోసం డిజైనర్‌తో ఆ పేచీ ఎందుకు అన్నది నా మాట.

జిప్ చేస్తే నిజంగా తగ్గేవి వేరే ఉన్నాయి. స్కానర్ నుంచి వచ్చిన బీఎంపీ, కంప్రెషన్ లేని టిఫ్ ఫైళ్ళు బాగా తగ్గుతాయి. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో రంగుల్లో స్కాన్ చేస్తే టిఫ్ 26 ఎంబీ దాకా వస్తుంది. పాత పహాణీలు, దస్తావేజుల లాంటివి టిఫ్‌లో ఉంటే జిప్ కట్టి చూడండి, తేడా కళ్ళకు కనిపిస్తుంది. స్కానర్ తెలుపును శుభ్రంగా తీస్తే ఇంకా ఎక్కువ తగ్గుతుంది. మరకలు, గరుకు కాగితం ఉంటే తక్కువ. ఫోటోషాప్ పీఎస్‌డీ ఫైళ్ళు కూడా తగ్గుతాయి, ఎంత అనేది లోపలి లేయర్లను బట్టి ఉంటుంది. ఖాళీ లేయర్లు, టెక్స్ట్, ఒకే రంగు బ్యాక్‌గ్రౌండ్ ఉంటే బాగా, నిండా ఫోటోలే ఉంటే కొంచెం. పీఎన్‌జీ తగ్గదు, ఎందుకంటే దాని లోపల వాడేది కూడా ఆ డిఫ్లేటే. ఐఫోన్ ఫోటోల హెచ్‌ఈఐసీ ఫార్మాట్ కూడా తగ్గదు.

రా ఫైళ్ళ దగ్గర, అంటే కెమెరా జెపెగ్ చేయకుండా సెన్సార్ డేటాను అట్లే దాచినవాటి దగ్గర, కొంచెం జాగ్రత్తగా చూడాలి. కెమెరా మెనూలో "అన్‌కంప్రెస్డ్ రా" పెట్టి ఉంటే 24 మెగాపిక్సెల్ ఫైలు 48 ఎంబీ దగ్గర ఉంటుంది, అది జిప్‌లో తగ్గుతుంది. "లాస్‌లెస్ కంప్రెస్డ్" ఉంటే కెమెరానే ఆ పని చేసేసింది. మీ కెమెరాలో ఆ రెండో ఆప్షన్ ఉంటే అదే పెట్టుకోండి. కార్డులో జాగా కలిసి వస్తుంది, తర్వాత జిప్‌తో పనే ఉండదు.

సైజు నిజంగా తగ్గించాల్సింది సెలక్షన్ దగ్గర. పెండ్లివారు ఫోటోలు ఏరుకోవడానికి 12 ఎంబీ ఫైలు అక్కర్లేదు. పొడుగు వైపు 1,600 పిక్సెళ్ళు, క్వాలిటీ 70–75తో చిన్న కాపీలు తీయండి. ఒక్కోటి 300–400 కేబీ వస్తుంది. 3,800 ఫోటోలు కలిపి 1.3 జీబీ దగ్గర తేలుతుంది, అంటే ఒకటే జిప్. ఫోటోషాప్ ఉంటే ఫైల్ మెనూలో "స్క్రిప్ట్స్", అందులో "ఇమేజ్ ప్రాసెసర్". ఫోల్డర్ చూపించి, "రీసైజ్ టు ఫిట్" టిక్ పెట్టి, వెడల్పు ఎత్తు రెండింటికీ 1600 కొట్టండి. అక్కడ క్వాలిటీ అంకె 12లో ఉంటుంది, 7 సరిపోతుంది. ఒరిజినల్ ఫోల్డర్‌లోనే సేవ్ చేయకండి, వేరే చోటు చూపించండి. ముఖ్యమైనది ఒక్కటే. చిన్న కాపీ పేరు, ఒరిజినల్ పేరు ఒక్కటే ఉండాలి. వాళ్ళు "1427, 1433, 1502" అని వాట్సాప్‌లో రాసి పంపితే మీరు నేరుగా ఒరిజినల్స్ తీసుకోవాలి.

ఏరినవి 300 అనుకోండి. 300 ఇంటు 12 ఎంబీ, 3.6 జీబీ. రెండు జిప్పులు. ఇవి మాత్రం ఒరిజినల్స్ ఉన్నవి ఉన్నట్టే పోవాలి, రీసైజ్ వద్దు. 12 బై 36 అంగుళాల షీటు 300 డీపీఐలో 10,800 బై 3,600 పిక్సెళ్ళు. మీ 24 మెగాపిక్సెల్ ఫోటో 6,000 బై 4,000. ఒక ఫోటోను షీటు నిండా పరిస్తే ఉన్న పిక్సెళ్ళే చాలవు, ఇంక తగ్గించి పంపితే డిజైనర్ ఏం చేస్తాడు?

అప్‌లోడ్ సమయం కూడా లెక్క వేసుకోండి. అప్‌లోడ్ వేగం 10 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే 46 జీబీకి పది గంటల పైనే పడుతుంది, 3.6 జీబీకి 48 నిమిషాలు. కనెక్షన్ "50 ఎంబీపీఎస్" అని చెప్పినా అది డౌన్‌లోడ్ కావచ్చు, అప్‌లోడ్ వేరుగా టెస్ట్ చేసి చూసుకోండి. మొబైల్ హాట్‌స్పాట్ మీద అయితే అప్‌లోడ్ ఇంకా తక్కువ, పైగా రోజుకు ఇన్ని జీబీలని హద్దు.

రాత్రి పెట్టింది పొద్దున ఫెయిల్ కావడానికి నెట్‌నే అనుమానించకండి. చాలాసార్లు కంప్యూటర్ స్లీప్‌లోకి పోయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో "పవర్"కు వెళ్ళి స్లీప్‌ను "నెవర్" చేయండి, స్క్రీన్ ఆగిపోయినా ఫరవాలేదు. ల్యాప్‌టాప్ అయితే మూత మూయకండి. రెండోది కరెంటు. యూపీఎస్ కంప్యూటర్‌కు ఉంటుంది, రౌటర్‌కు ఉండదు. అయిదు నిమిషాలు కరెంటు పోతే రౌటర్ ఆగుతుంది, బ్రౌజర్‌లో నడుస్తున్న అప్‌లోడ్ చెడిపోయే అవకాశం ఎక్కువ. గూగుల్ డ్రైవ్ డెస్క్‌టాప్ యాప్‌లో వేస్తే మళ్ళీ నెట్ రాగానే తనే అందుకుంటుంది. ఉచిత ఖాతాలో 15 జీబీలే, అందులోనే జీమెయిల్, గూగుల్ ఫోటోస్ కూడా పంచుకుంటాయి. 46 జీబీ ఫైలుకు అక్కడ ఎట్లాగూ చోటు లేదు. అసలు ఫెయిల్‌కు కారణం అదే అయి ఉండొచ్చు, ముందు అది చూడండి.

మొత్తం 46 జీబీ పంపక తప్పదంటే 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆర్టీసీ కార్గోలో పంపడమే నయం. బస్సు కొన్ని గంటల్లో దిగిపోతుంది, అప్‌లోడ్ దిగదు. పంపేది కాపీ అయి ఉండాలి, ఒక్కగానొక్క ఒరిజినల్ కాకూడదు. అంతే.

ఇక జిప్ కట్టే పద్ధతి. సెవెన్‌జిప్ ఉచితం, స్టూడియో పనికి కూడా పైసలు కట్టక్కర్లేదు. ముందు ఫోల్డర్లు సర్దండి. ఎదుర్కోళ్ళు, లగ్గం, తలంబ్రాలు, అప్పగింతలు, బరాత్, రిసెప్షన్ అని ఘట్టాల వారీగా. 12 ఎంబీ లెక్కన 150 ఫోటోలకు 1.8 జీబీ, కాబట్టి పెద్ద ఘట్టాన్ని 150 చొప్పున ఒకటి, రెండు, మూడు అని విడగొట్టండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్, "సెవెన్‌జిప్", "యాడ్ టు ఆర్కైవ్". వచ్చిన కిటికీలో "ఆర్కైవ్ ఫార్మాట్" దగ్గర జిప్ పెట్టండి, సెవెన్‌జెడ్ వద్దు. "కంప్రెషన్ లెవెల్" దగ్గర "స్టోర్". కింద "స్ప్లిట్ టు వాల్యూమ్స్" గడి ఖాళీగా వదిలేయండి. ఓకే. ఇప్పుడు దాదాపు కాపీ చేసినంత వేగంగా అయిపోతుంది.

ఆ స్ప్లిట్ గడి గురించి జర చెప్పాలి, చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. అందులో 2జీ అని కొడితే ఒకే జిప్ 001, 002, 003 అని ముక్కలవుతుంది. అవి విడి జిప్పులు కావు, ఒకే ఫైలును కోసిన ముక్కలు. 23 ముక్కల్లో 17వది పాడైతే, లేదా పంపడం మరిచిపోతే, మామూలుగా మొత్తం తెరుచుకోదు. అదే 150 ఫోటోల చొప్పున 26 విడి జిప్పులు కడితే 17వది పాడైనా మిగతా 25 నిక్షేపంగా ఉంటాయి, ఆ ఒక్కటే మళ్ళీ పంపుతారు. స్ప్లిట్ వాడాల్సింది ఒకే ఫైలు పెద్దగా ఉన్నప్పుడు, ఉదాహరణకు పెండ్లి వీడియో.

రెండు జీబీల హద్దు ఎందుకంటే, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపడానికి 2 జీబీ పరిమితి, టెలిగ్రామ్ ఉచిత ఖాతాకూ అంతే. ఎఫ్‌ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయిన పెన్‌డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఒక్క ఫైలు పట్టదు. డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ ఉన్నా "ఫైల్ ఈజ్ టూ లార్జ్" అంటుంది. 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్‌లు చాలావరకు అట్లే వస్తాయి. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేస్తే ఆ హద్దు పోతుంది, కానీ కొన్ని టీవీలు ఎక్స్‌ఫ్యాట్‌ను చదవవు. పాత జిప్ పద్ధతిలో కూడా 4 జీబీ, 65,535 ఫైళ్ళ హద్దు ఉంది. దాన్ని దాటడానికి జిప్64 వచ్చింది, సెవెన్‌జిప్ తనే వాడుతుంది, పాత సాఫ్ట్‌వేర్లకు మాత్రం అర్థం కాదు.

పెండ్లివారికి ఇచ్చే పెన్‌డ్రైవ్‌లో మాత్రం జిప్ పెట్టకండి. వాళ్ళు దాన్ని టీవీకే గుచ్చుతారు, టీవీ జిప్ తెరవదు. "ఫోటోలు లేవు" అని ఫోన్ వస్తుంది.

రెండు కెమెరాలు వాడితే జిప్ కట్టక ముందు ఇది చేయండి. కెమెరాలు ఫైలు పేరును నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలుగా పెడతాయి, 9999 తర్వాత మళ్ళీ 0001. ఒకే కంపెనీ కెమెరాలు రెండు ఉంటే రెండింటిలోనూ 1427 ఉండొచ్చు. రెండు కార్డులూ ఒకే ఫోల్డర్‌లో పోస్తే విండోస్ "రీప్లేస్ చేయాలా?" అని అడుగుతుంది, తొందరలో "అవును" కొడతారు. తాళి కట్టే ఫోటో పోయి భోజనాల ఫోటో మిగులుతుంది. డిజైనర్ దగ్గర వేర్వేరు జిప్పులు ఒకే చోట విప్పినా ఇదే జరుగుతుంది, కాబట్టి తప్పు మీ దగ్గర జరగకున్నా అక్కడ జరగొచ్చు. చాలా కెమెరాల మెనూలో ఫైలు పేరు ముందు అక్షరాలు మార్చుకునే వీలుంది, ఒకదానికి ఏ, ఇంకోదానికి బీ వచ్చేలా పెట్టండి. లగ్గానికి పోయే ముందే రెండు కెమెరాల గడియారాలూ ఒక్క నిమిషానికి కలపండి. ఇప్పటికే తీసినవాటికైతే కాపీ చేసిన వెంటనే, ఒక్కో కార్డు ఒక్కో ఫోల్డర్‌లో ఉండగానే, పేర్లు మార్చేయండి.

ఫోల్డర్ పేర్లు ఇంగ్లీషు అక్షరాలు, అంకెల్లో ఉంచితే మంచిది. "లగ్గం" అని తెలుగులో రాస్తే సెవెన్‌జిప్‌కు, విండోస్ 10, 11కు ఏ ఇబ్బందీ లేదు. విండోస్ 7 ఉన్న స్టూడియోలు ఇంకా ఉన్నాయి, అందులోని సొంత జిప్ మాత్రం తెలుగు పేర్లున్న ఫైళ్ళను కట్టనని మొండికేస్తుంది. తేదీని 2025-02-14 పద్ధతిలో ముందు పెడితే వరుస తనే కుదురుతుంది. పేర్లు మరీ పొడుగు వద్దు. విండోస్‌లో మామూలుగా దారి మొత్తం కలిపి 260 అక్షరాలు దాటితే విప్పేటప్పుడు ఎర్రర్ వస్తుంది. అవతలివాళ్ళకు అట్లా వస్తే డెస్క్‌టాప్ మీద కాకుండా నేరుగా డీ డ్రైవ్‌లో చిన్న పేరున్న ఫోల్డర్‌లో విప్పమనండి.

జిప్ కట్టగానే పంపేయకండి. రైట్ క్లిక్, సెవెన్‌జిప్, "టెస్ట్ ఆర్కైవ్". జిప్‌లో ప్రతి ఫైలుకూ సీఆర్‌సీ అనే తనిఖీ అంకె ఉంటుంది, అన్నీ సరిపోయాయో లేదో ఇది చెప్తుంది. 1.8 జీబీకి కొన్ని సెకన్ల పని. డిజైనర్‌ను కూడా డౌన్‌లోడ్ అయ్యాక అదే చేయమనండి.

అక్కడి నుంచి వచ్చే ఫిర్యాదులు చాలావరకు ఇవే. "అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఎండ్" అంటే డౌన్‌లోడ్ సగంలో తెగింది. జిప్ తన లోపలి విషయసూచికను ఫైలు చివర్లో పెట్టుకుంటుంది, తోక తెగితే ఏమేమి ఉన్నాయో దానికే తెలియదు. ఫైల్ ప్రాపర్టీస్‌లో ఎన్ని బైట్లో మీ దగ్గరి దానితో పోల్చి చూడమనండి, మళ్ళీ దించుకోవడమే మందు. "సీఆర్‌సీ ఫెయిల్డ్" అని ఒక్క ఫోటో పేరు చూపిస్తే ఆ ఒక్కటే చెడింది, మిగతావి తీసుకోవచ్చు. ఫైలు కొన్ని కేబీలే ఉండి "కెనాట్ ఓపెన్" అంటే, జిప్ బదులు లాగిన్ పేజీ దిగింది, మీరు లింక్ అనుమతి ఇవ్వలేదు. మ్యాక్ నుంచి వచ్చిన జిప్‌లో "మ్యాక్‌ఓఎస్‌ఎక్స్" అనే ఫోల్డర్, అందులో చుక్కతో మొదలయ్యే పేర్లతో తెరుచుకోని ఫోటోలు కనిపిస్తే కంగారు వద్దు. అవి ఫోటోలు కావు, మ్యాక్ తన కోసం రాసుకున్న చీటీలు, తీసేయొచ్చు.

గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్ షేర్ చేసి అవతలివాళ్ళు మొత్తం దించుకుంటే, డ్రైవ్ తనే దాన్ని కొన్ని జిప్పులుగా కట్టి ఇస్తుంది. అన్నింటినీ ఒకే చోట విప్పాలి. ఒక్కటి విప్పి "సగం ఫోటోలే ఉన్నాయి" అనడం మామూలే.

ఇంకొక ప్రమాదం చాలామందికి తెలియదు. జిప్‌ను విప్పకుండా, లోపలికి వెళ్ళి ఫోటో మీద డబుల్ క్లిక్ చేసి ఫోటోషాప్‌లో పని చేస్తారు. అప్పుడు తెరుచుకునేది టెంప్ ఫోల్డర్‌లో పడిన తాత్కాలిక కాపీ. సేవ్ కొట్టినా అది జిప్‌లోకి పోతుందన్న నమ్మకం లేదు, టెంప్ ఖాళీ అయితే చేసిన రీటచింగ్ గల్లంతు. ముందు "ఎక్స్‌ట్రాక్ట్", తర్వాతే పని.

వాట్సాప్‌లో ఫోటోలను ఫోటోలుగా పంపకండి. హెచ్‌డీ అని పెట్టినా మళ్ళీ కుదిస్తుంది, కెమెరా వివరాలు కూడా పోతాయి. జిప్ కట్టి డాక్యుమెంట్‌గా పంపితే బిట్టుకు బిట్టు అట్లే పోతుంది. మెయిల్ అయితే జీమెయిల్ పరిమితి 25 ఎంబీ, రెండు ఫోటోలకే నిండుతుంది.

పాస్‌వర్డ్ అడగలేదు గానీ ఆడపిల్లల ఫోటోలు కాబట్టి చెప్తాను. సెవెన్‌జిప్‌లో జిప్‌కు పాస్‌వర్డ్ పెట్టేటప్పుడు "ఎన్‌క్రిప్షన్ మెథడ్" దగ్గర మామూలుగా జిప్‌క్రిప్టో ఉంటుంది. అది బలహీనం. లోపలి ఫైలు మొదటి కొన్ని బైట్లు ఏమిటో తెలిస్తే దాన్ని విరగ్గొట్టొచ్చని 1990ల్లోనే తేలింది. జెపెగ్ మొదటి బైట్లు ఒక అచ్చు పోసినట్టు ఉంటాయి, పైగా మనం స్టోర్‌లో కడుతున్నాం, కాబట్టి దొంగకు ఇంకా సులువు. ఏఈఎస్-256 ఎంచుకోండి. అప్పుడు విండోస్ సొంత జిప్‌తో తెరుచుకోదు, అవతలివాళ్ళకు సెవెన్‌జిప్ గానీ విన్‌రార్ గానీ ఉండాలి. ఇంకోటి, జిప్‌లో పాస్‌వర్డ్ పెట్టినా ఫైళ్ళ పేర్లు అందరికీ కనిపిస్తాయి, కాబట్టి పెండ్లికూతురు పేరు ఫోల్డర్‌కు పెట్టకండి. పాస్‌వర్డ్‌ను లింక్ పంపిన మెసేజ్‌లోనే రాయకుండా ఫోన్‌లో చెప్పండి.

బ్యాకప్ మాట. ఇక్కడ జిప్ ఎందుకు వద్దంటున్నానంటే, సైజు తగ్గదని ఇప్పటికే చూశాం. పైగా జిప్‌లో ఉంటే ఫోటోలు బొమ్మల్లా కనిపించవు. రెండేండ్ల తర్వాత "ఆ ఒక్క ఫోటో పెద్దది చేసి ఫ్రేమ్ కట్టించాలి" అని వస్తారు, 46 జీబీ మూటలో బొమ్మ కనిపించకుండా వెతుకుతూ కూచోవాలి. ఒక్క ఫోటో కలపాలన్నా సాఫ్ట్‌వేర్ మొత్తం ఫైలును కొత్తగా రాస్తుంది, దానికి ఇంకో 46 జీబీ ఖాళీ కావాలి, మధ్యలో కరెంటు పోతే అంతా అయోమయం. అన్నింటికంటే ముఖ్యం, డిస్కులో ఒక చిన్న చోటు పాడైతే విడి ఫోల్డర్లో ఒక ఫోటో పోతుంది. పెద్ద మూటలో ఆ దెబ్బ చివరి సూచిక మీద పడితే సామాన్యుడికి మొత్తం పోయినట్టే. సెవెన్‌జెడ్, రార్‌లలో "సాలిడ్" పద్ధతి ఉంటే ఇంకా ఘోరం. ఫైళ్ళన్నింటినీ ఒక దండలా గుచ్చి కుదిస్తుంది, మధ్యలో దారం తెగితే ఆ తర్వాతివి జారిపోతాయి. జిప్ ఆ విషయంలో నయం, ఏ ఫైలుకు ఆ ఫైలు విడి.

కాబట్టి ఫోల్డర్లు అట్లే రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టండి. ఒకటి దుకాణంలో, ఒకటి ఇంట్లో. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అనే 3-2-1 లెక్క ఫోటోగ్రాఫర్ల దగ్గరే పుట్టింది, పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ చెప్పి ప్రచారంలోకి తెచ్చాడు. మూడో కాపీగా కనీసం ఎడిట్ అయిన జెపెగ్‌లు, ఆల్బమ్ పీఎస్‌డీలు అయినా క్లౌడ్‌లో పెట్టండి. గూగుల్ ఫోటోస్‌లో "స్టోరేజ్ సేవర్" పెట్టి ఎక్కించింది బ్యాకప్ కిందికి రాదు. అది ఫోటోను మళ్ళీ కుదిస్తుంది, 16 మెగాపిక్సెళ్ళు దాటితే తగ్గించేస్తుంది. పెన్‌డ్రైవ్ మోతకు మాత్రమే, దాచడానికి కాదు. ఎస్‌ఎస్‌డీని కూడా ఏండ్ల తరబడి కరెంటు ఇవ్వకుండా అల్మారాలో పెట్టొద్దు. దాని లోపల డేటా నిలిచేది విద్యుదావేశం మీద, అది మెల్లగా కారిపోతుంది. దాచడానికి మామూలు హార్డ్ డిస్కే మేలు, అయినా ఏడాదికి రెండుసార్లు తగిలించి చూడాలి.

కార్డు నుంచి తీసేటప్పుడు "కట్" వద్దు, "కాపీ" మాత్రమే. రెండు డిస్కుల్లో పడి, ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఫైళ్ళ సంఖ్య, బైట్ల సంఖ్య రెండూ సరిపోయాకే కార్డు ఫార్మాట్ చేయండి.

బైట్ల సంఖ్య సరిపోయినంత మాత్రాన లోపల చెడలేదని కాదు. దానికి సెవెన్‌జిప్‌లోనే మార్గం ఉంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేస్తే "సీఆర్‌సీ ఎస్‌హెచ్‌ఏ" అని ఒక మెనూ. కొత్త వెర్షన్లలో అందులో ఎస్‌హెచ్‌ఏ-256ను ఫైలుగా రాసే ఆప్షన్ ఉంటుంది. అది ప్రతి ఫోటోకూ వేలిముద్ర లాంటి అంకె రాసి ఒక చిన్న ఫైల్లో పెడుతుంది. దాన్ని ఫోల్డర్ పక్కనే ఉంచండి. ఆర్నెల్లకోసారి డిస్కు తగిలించినప్పుడు అదే మెనూ నుంచి ఆ ఫైలుతో తనిఖీ చేస్తే ఏ ఫోటో మారిందో పేరుతో సహా చెప్తుంది, రెండో డిస్కు నుంచి ఆ ఒక్కటి తెచ్చి పెట్టుకోవచ్చు.

ఇంకొంచెం గట్టిగా కావాలంటే మల్టీపార్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పార్2 ఫైళ్ళు తయారు చేయండి. 10 శాతం పెడితే 46 జీబీకి 4.6 జీబీ అదనం, డిస్కులో అంత మేరకు పాడైనా తిరిగి కట్టుకోవచ్చు. విన్‌రార్‌లో "రికవరీ రికార్డ్" కూడా అట్లాంటిదే, మూడు నుంచి అయిదు శాతం చాలు, జిప్‌లో ఆ వెసులుబాటు లేదు. రెండు డిస్కులు సక్రమంగా ఉన్న స్టూడియోకు ఇవి లేకున్నా నడుస్తుంది. ఒక్కటే డిస్కు ఉంటే మాత్రం పార్2 చేసే ముందు రెండో డిస్కు కొనండి. డిస్కే తిరగకపోతే దాని లోపలి పార్2 కూడా దానితోనే పోతుంది.

ప్రస్తుతానికి మీ పని వరుస ఇట్లా పెట్టుకోండి. ఈ రాత్రికి రెండో డిస్కుకు కాపీ వేయండి. రేపు ఇమేజ్ ప్రాసెసర్‌తో చిన్న కాపీలు తీసి పెండ్లివారికి ఒకే జిప్‌లో పంపండి. వాళ్ళు నంబర్లు ఇచ్చాక ఒరిజినల్స్ ఏరి స్టోర్‌లో రెండు జిప్పులు కట్టి, టెస్ట్ చేసి డిజైనర్‌కు వేయండి. కట్టి పెట్టిన ఆ 45.6 జీబీ జిప్‌ను టెస్ట్ చేసి, ఫోల్డర్లు రెండు చోట్లా ఉన్నాయని చూసుకున్నాక తీసేయండి, డిస్కులో అంత చోటు కలిసొస్తుంది. ఇవన్నీ మొదలుపెట్టే ముందు, కెమెరా పెట్టిన పేరు మార్చని ఫైళ్ళు ఉన్నాయా అని ఒకసారి చూడండి. అట్లాంటివి ఉంటే నంబర్లు అడగక ముందే, చిన్న కాపీలు తీయక ముందే మార్చాలి. లేకపోతే "1427" ఎవరిదో మీకూ తెలియదు, వాళ్ళకూ తెలియదు.